మా వదినగారి మినుము విత్తనం

మొన్న సార్వా వరి కోతలయ్యాక వ్యవసాయశాఖ అమ్మాయి ఒకర్తె మా చేలోకి యంత్రం తెప్పించి, దుక్కి దున్నకుండా వరి దుబ్బుల మధ్యే మినుము విత్తడం ఎలాగో ఊరందరికీ చూపించింది. దున్నకపోతే నేలలో తడి నిలుస్తుందనీ, అడుగునున్న కలుపు గింజలు పైకి రావనీ ఆ పిల్ల శ్రద్ధగా చెబుతుంటే, గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్న నేను, ఓసి పిచ్చిపిల్లా, నువ్వు పుట్టకముందు నుంచీ మేం చేసింది ఇదే కదే అని లోలోపల నవ్వుకున్నాను. వెళ్లేముందు నా దగ్గరకొచ్చి, "మామ్మగారండీ, మీ ఇంట్లో పాతకాలం మినుము విత్తనం ఏమైనా దాచేరాండీ?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఎందుకు లేదో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

నేను అమలాపురంలో బడిపంతులుగారి కూతుర్ని. ముక్తేశ్వరం పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చేదాకా మినుములంటే వంటింటి డబ్బాలో ఉండేవనే తెలుసు. మా పొలం కాలువ శివారున ఉండడంతో దాళ్వాకు, అదే రెండో పంట వరికి, నీరందేది కాదు. అందుకని కోతకు రెండు మూడు రోజుల ముందు, పాదం కాస్త దిగే పదునులో, నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లేవారు. నాగలి పెట్టేవారు కాదు, నీరు కట్టేవారు కాదు. నేలలో మిగిలిన తడీ, తెల్లవారుజామున కురిసే మంచూ, వీటితోనే ఆ పంట పండేది.

ఆ మినుములు మా వదినగారివి. ఆవిడ మావారి అక్కగారు. చిన్న వయసులోనే భర్త పోతే, ఆయన చేత్తో దాచిన విత్తనం ఒక కుండెడు పట్టుకుని పుట్టింటికి వచ్చేశారట. ఏటా ఆ విత్తనమే చల్లించి, వచ్చిన పంటలోంచి గింజా గింజా ఏరి, ఎండబెట్టి, బూడిద కలిపి మళ్లీ ఆ కుండలోనే పోసేవారు. కలుపు గింజ కలవని విత్తనమని చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చి అడిగి తీసుకెళ్లేవారు. అలా ఎవరైనా వచ్చిన రోజున ఆవిడ మొహం చూడాలి, కళకళలాడిపోయేది. తనదని చెప్పుకోవడానికి ఆవిడకు ఇంకేం ఉంది కనుక!

నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడే, పక్క చేను గట్టు మీదుగా బంగారు తీగ పాకి మా చేను మూలకు వచ్చింది. ఆకూ వేరూ లేని ఆ పసుప్పచ్చటి తీగ మినుము మొక్కను చుట్టుకుని రసమంతా పీల్చేస్తుంది. అత్తగారు నన్ను పంపుతూ, "మొక్కతో సహా పీకి గట్టు మీద తగలబెట్టమ్మాయ్, జాలిపడేవు సుమా!" అని మరీ మరీ చెప్పారు. నేను జాలిపడ్డాను. పూత మీదున్న మొక్కల్ని పీకడానికి చేతులు రాక, ఒక్కో తీగనూ చిక్కు తీసినట్టు విడదీసి, కొంగులో పోసుకుని, అడ్డదారిన చేను మధ్యనుంచి నడిచి ఇంటి పెరట్లో పారబోశాను. మొక్కల్ని బతికించానని ఎంత మురిసిపోయానో! ఆ తీగ తుంపు రాలినచోటల్లా మళ్లీ అల్లుకుంటుందని నాకేం తెలుసు?

పది పదిహేను రోజులు తిరిగేసరికి చేను నడిమధ్యన, నేను నడిచిన దారి పొడుగునా పసుప్పచ్చగా తేలింది. చివరికి సగం పంటే మిగిలింది. మూల నుంచి మధ్యకు ఎలా వచ్చిందని అత్తగారు నిలదీస్తే, వదినగారు ఆ దారి వంకా నా వంకా చూసి, "నా విత్తనంలోనే వచ్చుంటుందమ్మా" అన్నారు.

ఇక ఆ విత్తనం చేలో పడకూడదని అత్తగారు తేల్చేశారు. కుండలో మిగిలిన మినుముల్ని వదినగారే నానబోసి, కడిగి, రుబ్బారు. నేను ఏడుస్తూ దగ్గరకు వెళితే, "ఊరుకో. కొత్త కోడలివి, ఆ మాట నీ మీద పడితే జన్మంతా పోదు. నాకేం, ఇది నా పుట్టిల్లు" అన్నారు. ఆ గారెలు అందరితోపాటు నేనూ తిన్నాను. మరుసటేడు విత్తనం కోసం ఒక్క మనిషీ మా గుమ్మం ఎక్కలేదు.

ఇప్పుడు విత్తనం సంచుల్లో వస్తోంది, కలుపుకు మందు సీసాల్లో వస్తోంది. పంట పాడైతే కంపెనీని నాలుగు తిట్టి, పై ఏడు ఇంకో సంచి తెచ్చుకుంటారు. ఫలానా ఆవిడ విత్తనం అంటూ ఒక మనిషి పేరుతో గింజల్ని పిలిచిన రోజులు నా ఈడువాళ్లకు తప్ప ఎవరికీ తెలియవు. అత్తగారు లేరు, వదినగారు పోయీ చాలా ఏళ్లయింది. నేనిప్పుడు నిజం చెప్పినా, పోయిన ఆ మంచిపేరు ఉండేదన్న సంగతే ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. ఆవిడ బతికుండగా నలుగురిలో ఒక్కసారి చెప్పలేకపోయాను, పిరికిదాన్ని. ఆవిడ విత్తనంలో బంగారు తీగ గింజ ఒక్కటి కూడా లేదండీ. అది నా కొంగులోంచి రాలింది.