మహ్షీ పిల్ల ఉపవాసాలు

ఇర్బిద్‌లో ఫవ్వాజ్ వ్యాను ఎక్కిన ఆడపిల్ల ఎవరూ సొంత పేరుతో దిగలేదు. పెద్దకొడుకు పేరు మీద ఊరంతా అబూ హైసమ్ అని పిలిచే ఈ మనిషికి పొద్దున్నే పిల్లల్ని బడికి చేర్చడం పని, వాళ్లకి పేర్లు పెట్టడం పిచ్చి. దరా నుంచి యుద్ధానికి భయపడి పారిపోయి వచ్చినవాళ్ల పిల్ల జుమాన బక్కపలచగా ఉంటుంది కాబట్టి అగ్గిపుల్ల. పొడుగ్గా ఉండే చెర్కెస్ జాతి పిల్ల జానెత్ ఏమో మినార్. ముందు సీట్లో తన పక్కనే కూర్చునే సొంత కూతురు రహఫ్‌కి మాత్రం మహ్షీ అని పెట్టాడు. అన్నమూ ఖీమా పగిలేదాకా కూరి వండే కూరగాయ పేరు ఆ పిల్లకి ఖాయమైపోయింది.

"జరగవే మహ్షీ, గేరు వేసుకోనీ. నువ్వు ఊపిరి బిగబడితే గాని బండి కదిలేలా లేదు," అనేవాడు. వెనక పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. అందరికంటే గట్టిగా రహఫే నవ్వేది. దాంతో ఆయనకి ఇంకా హుషారు. చెప్పొద్దూ, మనిషి మంచివాడే. ఏ పిల్లయినా ఆకలంటే బండి ఆపి నువ్వుల రొట్టె కొనిపెట్టే రకం. ఆ నోరొక్కటే అదుపులో ఉండేది కాదు.

ఈ ఏడు రంజాన్‌లో రహఫ్ ఒక్క ఉపవాసమూ వదల్లేదు. పండగ వెళ్లి ఇంటిల్లిపాదీ తిండి మీద పడితే, ఆ పిల్ల రంజాన్ తర్వాతి షవ్వాల్ నెలలో ఇష్టమున్నవాళ్లు ఉండే ఆరు ఉపవాసాలూ పట్టింది. అవయ్యాక సోమవారం, గురువారం అంది. ఆపైన రోజు విడిచి రోజు మొదలుపెట్టింది. సాయంత్రం అజాన్ వినపడగానే ఒక ఖర్జూరం, గ్లాసెడు నీళ్లు. "నమాజు చేసుకుని వస్తా" అని గదిలోకి పోయేది. మళ్లీ కంచం దగ్గరికి వచ్చిందో లేదో ఎవరు చూడొచ్చారు?

ఫవ్వాజ్ అయితే ఛాతీ విరుచుకుని తిరిగాడు. పెట్రోలు బంకులోనూ, మంగలి షాపులోనూ "మా ఇంట్లో మహా భక్తురాలు, షేఖమ్మ పుట్టిందయ్యా" అని చెప్పుకున్నాడు. కూతురి బట్టలు వదులవుతుంటే అదీ సంబరమే. "చూశారా పిల్లలూ, పుణ్యానికి పుణ్యం, నడుముకి నడుము. మహ్షీలో కూరింది సగం ఖాళీ అయింది," అని వ్యానులో అందరి ముందూ అన్నాడు. ఆ రోజు రహఫ్ నవ్వలేదు. ఉపవాసం తలనొప్పి కాబోలు అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి భార్య ఇంతిసార్ ములూఖియా ఆకు తుంచుతూ కూర్చుంది.

"పాపని డాక్టరుకి చూపించాలి," అంది తలెత్తకుండా.

"ఉపవాసాలు కదా, నీరసంగా ఉంటుంది. దానికే డాక్టరెందుకు?"

"ఆ ఉపవాసాల సంగతే చెప్తున్నా. నెలలో ఆ నాలుగు రోజులూ ఆడది ఉపవాసం ఉండకూడదు కదా. ఇది ఒక్కసారీ మానలేదు. సిగ్గుపడి నా దగ్గర దాస్తోందేమో అనుకున్నా. నిన్న నిలదీసి అడిగా. రంజాన్‌లోనే ఆగిపోయిందట."

"అంటే?"

"అంటే, ఒంట్లో ఏమీ మిగల్లేదని. అది దేవుడి కోసం పస్తుండట్లేదు, అబూ హైసమ్. నీ వ్యానులో కూర్చోడం కోసం పస్తుంటోంది."

కూతురు తిండి లేక చిక్కిపోతుంటే, అది భక్తి అని ఫవ్వాజ్ బజారులో చాటింపు వేసుకొచ్చాడు. ఆ మాట తలచుకుంటే ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. కంచం ముట్టకుండా లేచిపోయాడు.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరమ్మ నాడి చూసి, కళ్లు చూసి, రక్తం తీయించింది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని, ఈ వారంలో తిండి పట్టకపోతే ఆస్పత్రిలో చేర్చుకోక తప్పదని చెప్పింది. ఉపవాసాలు పూర్తిగా బంద్ అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇంట్లో నిన్నెవరైనా ఏమైనా అంటారా తల్లీ?" అని అడిగింది.

ఫవ్వాజ్ తల వంచుకున్నాడు. కూతురు ఉన్నది చెబితే బాగుండు, ఆవిడ నాలుగు చీవాట్లు పెడితే బాగుండు అనుకున్నాడు.

"ఎవరూ ఏమీ అనరు డాక్టర్. మా నాన్న సరదా మనిషి," అంది రహఫ్.

ఆ మాట ఆయన గుండెలో గుచ్చుకుంది. దారి పొడుగునా బండి నడుపుతూనే ఉన్నాడు గాని, కూతురి వైపు చూడలేకపోయాడు.

ఇంటికి రాగానే ఇంతిసార్ పప్పు సూపు వేడిచేసి, నిమ్మకాయ పిండి, రహఫ్ ముందు పెట్టింది. ఫవ్వాజ్ ఎదురుగా కూర్చున్నాడు.

"తప్పు నాదే తల్లీ. నా నోటికి బుద్ధి లేదు. ఇంకెప్పుడూ అనను. నువ్వు తిను, చాలు."

"పర్లేదు నాన్నా. నువ్వు సరదాకే అంటావుగా."

చెంచా ముంచింది. నోటి దాకా ఎత్తింది. అక్కడ ఆపేసి, ఆయన మొహం కేసి చూసింది. కళ్లలోకి కాదు, పెదాల వైపు.

ఫవ్వాజ్ మొహం సీరియస్‌గా పెట్టాడు. ఆ పిల్ల చెంచా కదల్లేదు. సూపు మీద మీగడలా పొర కట్టసాగింది. ఇంకే మొహం పెట్టాలో ఆయనకి తోచలేదు. కొన్నేళ్లుగా ఆ పిల్ల ప్రతి ముద్దా ఈ మొహాన్ని అడిగే మింగుతోందని అప్పటికి గాని ఆయన బుర్రకి ఎక్కలేదు.

"సిగరెట్లు అయిపోయాయి," అని లేచాడు. చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి, బయట మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి లోపల చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు వినపడింది. మళ్లీ వినపడింది. ఫవ్వాజ్ రెండు చేతులతో మొహం కప్పుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.