మధ్యలో దిగిన ఊర్లో పది గంటలు

మాది రాయదుర్గం. జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక యూనిట్లో నేను సూపర్‌వైజర్ని. ఆ ఏడు మా ఓనరు కొత్త రకం మిషన్లు కొన్నాడు. వియత్నాంలో తమకు ట్రైనింగ్ సెంటర్ ఉందని, ఇద్దర్ని పంపితే వారం రోజులు నేర్పించి పంపుతామని మిషన్లు అమ్మినవాళ్లు చెప్పినారు. ఆ ఇద్దర్లో ఒకదాన్ని నేను. రెండో మనిషి గురించి యూనిట్లో ఎవరూ వాదించలేదు. నడుం పట్టీ కుట్టడంలో మా అక్క చేతిని మించిన చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు.

అక్కంటే తోడబుట్టిన అక్క కాదు. యూనిట్లో అందరూ ఆమెను అట్లనే పిలుస్తారు. యాభై దాటినాయి. గుమ్మఘట్ట నుంచి రోజూ బస్సులో వస్తాది. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడతాది, రెండింట్లోనూ మొహమాటం లేదు.

బెంగళూరులో ఎక్కిన విమానం పొద్దున ఏడింటికి మమ్మల్ని కౌలాలంపూర్‌లో దింపింది. వియత్నాం పోయే విమానం సాయంత్రం అయిదూ యాభైకి. మధ్యలో పది గంటల పైనే ఖాళీ. మా ఓనరు ముందే గట్టిగా చెప్పి పంపినాడు: "దిగినాక యాడికీ కదలొద్దండి. కుర్చీల్లో కూర్చోండి. అది మన బస్టాండు కాదు."

నేను చెప్పినట్టు వినే రకం. బ్యాగు కాళ్ల మధ్య పెట్టుకుని, పాస్‌పోర్టులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అక్క మాత్రం లేచి ఒక చుట్టు తిరిగొచ్చింది. కదిలే బాట ఒకటి ఉంటే దాని మీద నాలుగుసార్లు అటూ ఇటూ పోయింది. వచ్చి నా పక్కన నిలబడింది.

"అంతా అత్తర్లు, చాక్లెట్లే పాపా. మనిషికి పనికొచ్చే సరుకు ఒకటీ లేదు."

"కూర్చో అక్కా. ఇంకా తొమ్మిది గంటలుండాది."

"ఇరవై రెండేండ్లు మిషను ముందర కూర్చున్న్యా. ఈడికొచ్చి గూడా కూర్చోవల్లనా? పా, ఊర్లోకి పోదాం."

"పోనీరు. వీసా కావల్ల."

"ఎవురు చెప్పినారు?"

"సార్ చెప్పినాడు."

"సార్ ఎప్పుడొచ్చినాడు ఈడికి?"

మా సార్ బెంగళూరు దాటి పోయింది తిరుపతికే.

సమాచారం చెప్పే కౌంటర్లో తలకు గుడ్డ చుట్టుకున్న ఒకామె కూర్చోనుండింది. మెడలో కళ్లద్దాలు వేలాడతాండాయి. నా పదో తరగతి ఇంగ్లీషును కూడగట్టుకుని అడిగినాను. ఇండియావాళ్లకు ఇప్పుడు వీసా అక్కర్లేదని, ఫోన్లో ఒక ఫారం నింపితే చాలని ఆమె చెప్పింది. ఎయిర్‌పోర్టు వైఫై కలిపించి, సగం ఫారం ఆమే నింపింది. ఊర్లో ఏం చూడొచ్చని అడిగితే జంట టవర్లన్నది, గుహలన్నది, గుడి అన్నది. నేను ఒక్కొక్కటే అక్కకు చెప్తాండాను.

"టవర్లు మన ఊర్లో గూడా ఉండాయి, సెల్‌ఫోన్‌వి," అన్నది అక్క. "గుడ్డల అంగళ్లు యాడుండాయో అడుగు."

నేను అడిగినాను. ఆమె పెద్దగా నవ్వి, ఒక కాగితం మీద రైలు బొమ్మ వేసి, ఎక్కడ దిగాలో, ఎక్కడ మారాలో గీతలు గీసి ఇచ్చింది. సాయంత్రం నాలుగు లోపల తిరిగి రావాలని కింద అంకె రాసి రెండుసార్లు సున్న చుట్టింది.

పాస్‌పోర్టు చూసే ఆఫీసరు ఎన్ని రోజులని అడిగినాడు. ఆరు గంటలని చెప్పినాను. తలెత్తి మా ఇద్దర్నీ చూసినాడు. ఇద్దరికీ ముద్ర గుద్ది పంపినాడు. అద్దాల తలుపు దాటి బయటి ఎండలోకి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో తెలీదు. పెండ్లయినాక, పిలుపు లేకుండా, పని లేకుండా, ఎవరికీ చెప్పకుండా నేను ఒక ఊర్లో దిగింది అదే మొదలు.

రైలు కిటికీలో పొడుగునా ఒకటే పచ్చ. తాటిచెట్ల మాదిరి చెట్లు, వాటి కింద గడ్డి, గడ్డి మీద తీగలు. ఎర్రమన్ను కనపడేదే లేదు. అక్క చాలాసేపు చూసింది. "ఇంత పచ్చగుంటే కండ్లు నొప్పి పుడతాయి ప్పా," అనేసి చీర కొంగు మొహం మీదికి లాక్కుని ఒక కునుకు తీసింది.

గుడ్డల బజారు మా బళ్లారి బజారు కన్నా పెద్దది. జరీ చీరలు, పూల గౌన్లు, తలకు కట్టుకునే గుడ్డలు. అక్క వాటినేవీ చూడలేదు. నేరుగా ఒక జీన్స్ అంగట్లోకి దూరి, తగిలించిన ప్యాంట్లను ఒక్కొక్కటే లోపలి వైపు తిప్పి కుట్టు చూడడం మొదలుపెట్టింది. జేబు మూల, నడుం పట్టీ, బెల్టు పోయే పట్టీలు అన్నీ గోటితో గీరి చూస్తాది. అయిదో ప్యాంటుకు అంగడతను మా వెనకాలే వచ్చి నిలబడినాడు. ఏడో ప్యాంటుకు, కొంటారా లేదా అన్నట్టు చెయ్యి ఊపినాడు.

"కొనం అని చెప్పు," అన్నది అక్క. "కుట్టు బాగుండాదని గూడా చెప్పు. ఊరికే ఎందుకు దాచాల."

రెండూ చెప్పినాను. అతను ఏమర్థం చేసుకున్నాడో గానీ, వాకిలి దాకా వచ్చి మమ్మల్ని సాగనంపినాడు.

బయటికి వచ్చినామో లేదో వాన. మా దిక్కు వాన వస్తే ముందు గాలి, దుమ్ము, ఆమీద నాలుగు చినుకులు, ఆమీద అనుమానం. ఈడ అదేమీ లేదు. పైన ఎవరో తొట్టి బోర్లించినట్టు ఒక్కసారిగా పడింది. పరిగెత్తి ఒక వరండా కిందికి పోయినాం. వానంటే మొహం వాచినోళ్లం కదా, అక్క సంబరపడి చెయ్యి చాపుతాదేమో అనుకున్నాను. అర్ధగంట చూసి, "ఆగదా ఇది? తిరిగేకి లేకుండా చేసింది," అని విసుక్కున్నది.

ఆ వరండాలోనే ఒక చిన్న కుట్టు మిషన్ పెట్టుకుని ఒక పెద్దామె ప్యాంటు అంచు మడిచి కుడతాండాది. అరవై ఏండ్లుంటాయి. పూల గౌను, పైన పాత స్వెట్టరు. పక్క కుట్టు వచ్చే చోట బట్ట దళసరిగా ఉంటాది కదా, ఆడికి వచ్చినప్పుడల్లా మిషను కుట్టు ఎగరగొడతాండాది. ఆమె విప్పుతాది, మళ్ల కుడతాది, మళ్ల ఎగురుతాది. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, చూసి, నాతో గట్టిగానే అన్నది:

"ఆయమ్మకు కుట్టేది రాదు పాపా. ఆ బట్ట పని పట్టింది."

పెద్దామె తలెత్తింది. "ఏటమ్మా, నాకు కుట్టడం రాదా? ముప్పై ఏళ్లయి కుడతన్నాను!"

నేను ఆడనే భూమిలోకి దిగిపోయింటే బాగుండు అనిపించింది. అక్క మాత్రం ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకున్నది.

"తెలుగోళ్లా మీరు? అయ్యో, అయితే ముందే చెప్పల్ల గదమ్మా!"

"నువ్వడిగితే కదా చెప్పడానికి! అయినా మీదేం తెలుగు? కుట్టేది, చెప్పల్ల. అలాగ ఎవరూ అనరు లా."

"లా అంటే ఏమి?"

"ఏటో, ఈ ఊరి అలవాటు. నోట్లోంచి వచ్చేస్తాది."

ఆమె పక్కకు జరిగి స్టూలు చూపించింది. అక్క కూర్చున్నది. ముందు సుత్తి అడిగింది. లేదంటే, షట్టరుకు వేసే పెద్ద తాళంకప్ప తీసుకుని, ఆ దళసరి చోట మెత్తబడే దాకా నాలుగు దెబ్బలు వేసింది. తర్వాత ఒక జీన్స్ ముక్కను మడిచి మడిచి, బట్టను నొక్కిపట్టే మిషను పాదం కింద, వెనక పక్క పెట్టింది. పాదం వాలిపోకుండా సమంగా నిలబడింది. చేత్తో చక్రం తిప్పుతూ మెల్లగా దాటించింది. ఒక్క కుట్టూ ఎగరలేదు.

పెద్దామె ప్యాంటును వెలుతురుకు పట్టి చూసింది. ఇంకో ప్యాంటు తీసి తనే చేసి చూసుకున్నది. అదీ వచ్చింది. అప్పుడు లేచి పోయి, ఎత్తు నుంచి నురగ వచ్చేట్టు పోసిన టీ మూడు గ్లాసులు తెచ్చింది. మేము బ్యాగులో ఉన్న జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి తీసినాం. ఆమె రొట్టె విరిచి నమిలి, "బలే గట్టిగున్నాది లా," అని ఇంకొకటి తీసుకున్నది.

వాళ్ల తాత విశాఖపట్నం దిక్కు నుంచి ఓడెక్కి వచ్చినాడంట, కొబ్బరి తోటల్లో పనికి. ఆ ఊరి పేరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆమె ఇండియా ఎప్పుడూ చూడలేదు. తెలుగు మాట్లాడేది అమ్మ దగ్గర వచ్చింది గానీ చదివేదీ రాసేదీ రాదు.

"మా ఊరేదో మీరు కనుక్కోగలరేటి?" అని అడిగింది నన్ను.

"మాకు అది శానా దూరమమ్మా. ఊరి పేరన్నా తెలిస్తే..."

"దానికేముండాది," అన్నది అక్క. "ఆ ఊరు దొరకకపోతే గుమ్మఘట్టకు రా. నాలుగు రోజులుండి పో."

ఆమె నవ్వింది గానీ కళ్లు తుడుచుకున్నది. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. బట్టల మీద గీతలు గీసే సుద్ద తీసుకుని, ఆమె పేరు అడిగి, ఒక నల్ల గుడ్డ ముక్క మీద తెలుగులో రాసి చూపించినాను. తన పేరు తెలుగులో ఎట్లుంటాదో ఆమె అంతవరకూ చూడలేదంట. కింద తనూ రాయడానికి పట్టుకున్నది. మొదటి అక్షరానికే పది నిమిషాలు పట్టింది. తలకట్టు ఎటు తిరగాలో ఆమెకు అంతుపట్టలేదు, నాకు చెప్పడం రాలేదు. అక్క మధ్యలో దూరి, "పక్క జేబు వంపు మాదిరి తిప్పమ్మా," అన్నది. అప్పుడు వచ్చింది.

నా ఫోన్లో చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. అక్క చేతి గడియారం చూసినాను. పన్నెండూ ముప్పావు. ఇంకా బోలెడు టైముంది, ఇంకో టీ తాగుదాం అన్నాను.

"పన్నెండేటి?" అన్నది పెద్దామె. "మూడుంబావు అయిపోనాది."

ఈ దేశం టైము మనకన్నా రెండున్నర గంటలు ముందని విమానంలో చెప్పినారు. నేను ఫోన్లో చూసుకున్నాను గానీ, అక్క గడియారం ముల్లు తిప్పనివ్వలేదు. వానమబ్బుకు పొద్దు ఎక్కడుందో కూడా తెలీలేదు.

"అక్కా, లెయ్! విమానం పోతాది!"

పెద్దామె మిషను మీద ఒక ప్లాస్టిక్ కవరు కప్పి, గొడుగు తీసి, మాతోపాటే వానలోకి దిగింది. ఒక గొడుగు కింద ముగ్గురం, మోకాళ్ల దాకా తడిసి పరిగెత్తినాం. స్టేషన్లో మా కాగితం చూసి, దీన్ని పట్టుకుని పోతే తికమక పడతారని, తనూ రైలెక్కి, కాగితం వెనక తన ఫోన్ నంబరు రాసిచ్చి, మారే చోటి దాకా వచ్చి, ఎయిర్‌పోర్టు రైలు పెట్టెలో మమ్మల్ని తోసింది. తలుపు మూసుకుంటాంటే అక్క బ్యాగులోంచి తీపి ఓళిగల పొట్లం తీసి ఆమె చేతిలో విసిరినట్టే పెట్టింది. అద్దం అవతల ఆమె ఏదో అన్నది. వినపడలేదు.

ఆ అర్ధగంట రైల్లో నేను చెమటలు కక్కినాను. మా ఓనరు మొహం, మా ఇంటాయన మొహం, యూనిట్లో ఇరవై మంది మొహాలు, అన్నీ వరసగా కనపడినాయి. "నావల్లనే గదా," అన్నది అక్క ఉన్నట్టుండి. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "సార్ అడిగితే నేనే లాక్కపోయినానని చెప్పు."

"నా కాళ్లతో నేనే వచ్చినాను అక్కా," అన్నాను. అది నిజం గూడా.

నాలుగున్నరకు ఎయిర్‌పోర్టులో దిగినాం. పాస్‌పోర్టుల వరస చూసి నాకు ఏడుపొచ్చింది. ముందు నిలబడినవాళ్లకు టికెట్టు చూపించి బతిమాలితే ఒక్కొక్కరే జరిగినారు. బ్యాగులు తనిఖీ చేసే చోట అక్క చెప్పుల్లోంచి నీళ్లు కారతాంటే ఆడ నిలబడిన ఆమె తుడిచేకి కాగితాలిచ్చింది. గేటు దగ్గరికి పోయేసరికి కడపట నలుగురు మిగిలినారు. మేము అయిదు, ఆరు.

సీట్లో కూలబడినాక ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. కుచ్చిళ్లు తడిసి బరువెక్కి అక్క పొట్టిగా కనపడతాండాది. నా జుట్టంతా మొహానికి అంటుకుపోయింది. నేను మొదలుపెట్టినానో, అక్క మొదలుపెట్టిందో తెలీదు, నవ్వు ఆగలేదు. పక్క సీటాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ట్రైనింగ్ బాగా జరిగింది. మిషన్లు నేర్చుకున్నాం. తిరుగు ప్రయాణంలో కౌలాలంపూర్‌లో మాకు గంటన్నరే ఇచ్చినారు. "ఇంత తక్కువైతే మనిషి యాడికి పోతాది?" అని అక్క టికెట్టు మీద కోపం తీర్చుకున్నది. ఎయిర్‌పోర్టు వైఫై కలుపుకుని, కాగితం వెనక ఉన్న నంబరుకు పెద్దామెకు వీడియో కాల్ చేసినాం. ఆమె వరండాలోనే ఉండింది, వెనక వాన చప్పుడు. గోడకు తగిలించిన నల్ల గుడ్డ ముక్కను ఫోన్లో చూపించింది. తన పేరు, దాని పక్కన వాళ్లమ్మ పేరు. రెండోది ఎవరు రాసిచ్చినారని అడిగితే, పక్క వీధిలో ఒక తెలుగాయన్ను వెతికి పట్టుకుని రాయించుకున్నానని చెప్పింది. అప్పుడు అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుని, ఆ రోజు ప్యాంట్లు తిరిగొచ్చినాయా, కుట్టు నిలబడిందా అని అడిగింది. విమానానికి పిలిచేదాకా వాళ్లిద్దరూ సూది నంబర్ల గురించే మాట్లాడుకున్నారు.