పుల్లమామిడికి కట్టిన నలభై అంట్లు

చొప్పదండి పక్క పల్లెలో శంకరవ్వ పెరట్లో ఒక మామిడిచెట్టు ఉండేది. వాళ్ల బాపు సిద్దిరాములు నాటిన టెంక అది. టెంక పల్చన, పీచు మచ్చుకైనా లేదు, కోస్తే ఇల్లంతా వాసన. అలాంటి కాయ ఆ చుట్టుపక్కల ఏ తోటలోనూ లేదు. సిద్దిరాములు అంట్లు కట్టడంలో ఆరితేరినవాడు. ఆ పనంతా కూతురికి నేర్పి కన్నుమూశాడు. శంకరవ్వ కళ్లు మూసుకుని ఆకు నలిపి వాసన చూసి, అది ఏ చెట్టుదో చెప్పేది.

1957లో రఘోత్తమరావు అనే అధికారి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఒక సర్కారు తోట ఆయన చేతి కింద ఉండేది. జిల్లాలోని అడవి చెట్ల మీద, పండ్ల చెట్ల మీద పుస్తకం రాస్తున్నాడు. శంకరవ్వ రెండు నెలలు ఆయనను గుట్టల వెంట తిప్పింది. మొర్రి, తునికి, పాల, నల్లజీడి... ఏది ఎప్పుడు పూస్తుందో, దేని బెరడు ఎందుకు పనికొస్తుందో విడమరిచి చెప్పింది. ఆయన కొమ్మలు తుంచి కాగితాల మధ్య అదిమి, పక్కనే అన్నీ రాసుకున్నాడు.

మరుసటి ఎండాకాలం ఆమె పెరటి పండు తిన్నాక నలభై అంట్లు కట్టి ఇమ్మన్నాడు.

"పుస్తకంల మా బాపు పేరు రాస్తరా సారూ?"

"ఎందుకు రాయను?" అన్నాడాయన.

వానలు మొదలవగానే తోట లారీ డ్రైవర్ జబ్బార్ నలభై కుండల్లో టెంక మొక్కలు తెచ్చి దించాడు. దించి, తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"అక్కా, జర జాగ్రత్త. అంట్లు కట్టుడు అయినంక నీ చెట్టు కొట్టేస్తరట. రోడ్డుకు అడ్డమని తహసీల్ల కాయితం పుట్టిచ్చిండు మా సారు. గిసుంటి చెట్టు ఇంకొకల దగ్గర ఉండొద్దంటుండు."

శంకరవ్వ నడుచుకుంటూ తోటకు పోయి నిలదీసింది. రఘోత్తమరావు కాగితాల మీంచి తలెత్తలేదు.

"చెట్టు పోతే ఏమైతది? అంట్లు ఉంటయి గద. నీ బాపు పేరంటవా, ఆయన ఏం చదివిండని? అడివిల నాకు దొరికిందని రాసిన. ఆకు చూసి చెట్టును చెప్పుడు సైన్సు శంకరవ్వా. నారతోని కట్లు కట్టుడు కాదు."

ఆమె ఇంటికొచ్చింది. దారి పొడుగునా ఆ మాటే తలలో తిరిగింది. తెల్లవారి, పెరట్లో పెట్టాల్సిన కుండల్లో ముప్పై ఆరు తన చెలక గట్టుకు మోసింది. గట్టు మీద పుల్లమామిడి ఉంది. దాని కాయ కోతులు కూడా కొరికి పారేస్తాయి. ఆకు పొడవు, ఈనెలు, అన్నీ పెరటి చెట్టువే అన్నట్టుంటాయి. లేతాకు మాత్రం వేరు. పెరటి చెట్టుది ఇటుక రంగు, పుల్లమామిడిది లేతపచ్చ. మంచె కట్టి, కుండలెక్కించి, కొమ్మ బెరడూ మొక్క బెరడూ చెక్కి, కలిపి, అరటినారతో చుట్టింది. ఎవరైనా తొంగిచూస్తే కనబడాలని మిగిలిన నాలుగు సర్కారు కుండలూ పెరటి చెట్టుకే కట్టింది. లెక్క సరిపోవాలని గట్టు మీదికి తన ఇంటి మొక్కలు మరో నాలుగు మోసింది. ఒక్కొక్క కట్టు బిగిస్తుంటే ఆమెకు రఘోత్తమరావు మెడే గుర్తుకొచ్చింది.

మూడు నెలలకు అంట్లు అతుక్కున్నాయి. నలభై పుల్లమొక్కలు లారీ ఎక్కాయి. ఆ వారంలోనే గొడ్డళ్లు వచ్చాయి. చెట్టు కూలుతుంటే శంకరవ్వ గడపలో నిలబడి కడదాకా చూసింది.

"ఏడుస్తలేవేందక్కా?" అన్నాడు జబ్బార్.

"ఏడ్చేటోళ్లు వేరే ఉన్నరు తమ్మీ."

అసలైన నాలుగు అంట్లూ బస్సులో దూరాన ఉన్న బోథ్ ఊరు చేరాయి. అక్కడ శంకరవ్వ వాటిని తన అక్క అనసూర్య పెరట్లో నాటింది.

పుస్తకం అచ్చయింది. మామిడికి రఘోత్తమ పసందు అని పేరు పెట్టాడు. సిద్దిరాములు పేరు లేదు, శంకరవ్వ పేరు లేదు. బడిపంతులమ్మ షాహిదా చదివి వినిపించింది. లేతాకు ఇటుక రంగు అని మాత్రం సరిగ్గానే రాశాడు. ఎప్పుడు పసిగడతాడోనని శంకరవ్వ అదే తోటలో కూలికి కుదిరింది. ఏడాదికి రెండుసార్లు మొక్కలు పచ్చగా చిగురించేవి. ఆయన గొడుగు వేసుకుని పక్కనుంచే పోయేవాడు.

"సారూ, లేతాకు చూసిన్రా?" అని ఒకసారి తనే అడిగింది.

"నీ పని నువ్వు చూస్కో."

మొక్కలు బలపడాలని ఆయన ఐదేళ్లు పూత తుంపించాడు. ఈలోగా వాటి నుంచే వందల అంట్లు కట్టించి పెద్దపెద్ద తోటలకూ, అడిగిన పేదోళ్ల పెరళ్లకూ పంపాడు. కాయ చూడకుండానే పేరు ఊరూరా పాకింది.

1963 మే నెలలో తొలి కాపుకు పందిరి వేయించి, పెద్దమనుషులను పిలిచాడు. పండ్లు బంగారంలా ఉన్నాయి. కొరికిన మొదటి పెద్దమనిషి కళ్లు చిట్లించి, తువ్వాలలోకి ఉమ్మేశాడు. రెండోవాడూ అంతే. రఘోత్తమరావు తనే ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పళ్లు జివ్వుమన్నాయి. చెమట పట్టిన ముఖంతో చుట్టూ చూస్తే కూలోళ్ల వరసలో శంకరవ్వ కనబడింది. ఆమె ముందుకొచ్చి, బల్ల మీద పెట్టిన ఆయన పుస్తకం అందుకుని, ఒక లేతకొమ్మ తెంపి దాని మీద పెట్టింది.

"ఆకు చూసి చెప్తనన్నరు. ఐదేండ్లాయె, మీ కండ్ల ముంగటనే ఉన్నది. మీరు రాసిన రంగు గిదేనా సారూ?"

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. నెల తిరగకముందే ఆయనను ఎటో బదిలీ చేశారు. శంకరవ్వ ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నది.

కానీ ఒకనాడు నేతపని చేసే సాంబయ్య వచ్చాడు. మగ్గం దిగాక నీళ్లు మోసి పెంచిన రెండు పుల్ల అంట్లు ఆయనవి.

"నీకు నేనేం జేసిన శంకరవ్వా?"

వానాకాలం రాగానే శంకరవ్వ బోథ్ నుంచి అసలు కొమ్మలు తెచ్చి ఆ రెండు చెట్లకూ కట్టింది. అట్లా మోసపోయిన పేదోళ్ల ఇళ్లన్నీ తిరగడానికి రెండేళ్లు పట్టింది. రఘోత్తమరావు వెంట తిరిగిన పెద్ద తోటలవాళ్ల గేటు మాత్రం తొక్కలేదు.

1967 ఎండాకాలం ఆమె బోథ్‌లో ఉండగా రఘోత్తమరావు వచ్చాడు. ఉద్యోగం అయిపోయింది, నడుం వంగింది. శంకరవ్వ మంచం వాల్చి, పండు కోసి ఇచ్చింది. ఆయన చివరి ముక్క దాకా తిని, టెంక చీకుతూ అన్నాడు.

"ఒక్క అంటు ఇయ్యి శంకరవ్వా. మీ బాపు పేరే రాస్త."

"టెంక ఇటియ్యుండ్రి సారూ."

ఆయన చేతిలోంచి అది తీసుకుని, మండుతున్న పొయ్యిలో వేసి, చేతులు కడుక్కోవడానికి ఆయనకు చెంబుతో నీళ్లిచ్చింది.