నేను దిద్దిన గళ్లు

మా ఆయనకు పొద్దుగాల చాయ్ కంటె ముందు పేపర్ల అంకెల గళ్లు గావాలె. తొమ్మిది అడ్డం, తొమ్మిది నిలువు. పెన్సిల్ వట్టుకొని అరుగు మీద కూసుంటె ఇంటికి సుట్టమొచ్చినా తల ఎత్తకపోతుండె. జవాబు మరునాటి పేపర్ల వస్తది. దాంతోని ఒక్కొక్క గడి కలిపి చూసుకొని, అంతా సరిపోతె టిక్కు గొట్టి, అప్పుడు పాల్మాకుల నుంచి గగన్‌పహాడ్ గోదాముకు డ్యూటీకి పోతుండె. ఒక్కటి తప్పైనా ఆ దినమంత ముద్ద దిగకపోయేది.

గోదాముల గూడ గళ్లే. ఏ డబ్బా ఏ వరుసల, ఎన్నో అరల ఉన్నదో చూడకుంటనే చెప్తడని అందరు అంటుండిరి. నాకు ఈ ఆట ఆయననే నేర్పిండు. "వాకిట్ల చుక్కల ముగ్గు ఏస్తవు గద, వరుస తప్పితె నీకే తెలుస్తది. ఇది గూడ గంతే. వరుసల ఒక అంకె ఒక్కసారే రావాలె" అన్నడు. గంత సదువు లేని నాకు గది మంచిగనే ఎక్కింది. ఎక్కకపోయినా బాగుండు.

ఒకనాడు చూస్తె ఒకే వరుసల రెండు ఏడులున్నయి. నిద్ర చాలలేదేమో అనుకున్న. ఆయన స్నానానికి పోంగనే రబ్బరుతోని తుడిచి, ఆయన రాత తీరుగనే దిద్దిన. రేపు జవాబు చూసుకొని చిన్నబోతడని, గంతే. తర్వాత వారానికొకసారి దిద్దిన, ఇగ రోజూ దిద్దిన. కొన్ని దినాలు సగం గళ్లు నేనే నింపిన. మరునాడు ఆయన టిక్కు గొడుతుంటె నాకు సంబురమయ్యేది. నా బుద్ధి గడ్డి తిన్నది.

డబ్బాలు తారుమారైతున్నయని గోదామోళ్లు ఆయనను ఇంటికి పంపిండ్రు. ఆరాంఘర్ దగ్గర ఒక దవాఖానకు తీస్కపోయి, అన్నీ మర్చిపోతుండని డాక్టర్‌కు చెప్పిన. ఆయనకు కోపమొచ్చింది. సంచిల నుంచి గళ్లు నింపిన పేపర్ల కట్ట తీసి ముంగట పెట్టిండు. "నా తలకాయకేమైంది సారూ? రోజూ చేస్తున్న, చూడుండ్రి." డాక్టర్ తిరగేసి చూసి, గింత మంచిగ చేస్తున్నరు గద, డ్యూటీ టెన్షన్ అయ్యుంటదన్నడు. అవి నేను దిద్దినయని ఆయన ముంగట ఎట్ల చెప్పాలె? ఇంకో ఏడాది గట్లనే పోయింది.

రెండోసారి పోయినప్పుడు డాక్టర్‌ను పక్కకు పిలిచి అంతా చెప్పిన. జర ముందు తెలిస్తె ఈ మతిమరుపు రోగాన్ని మందులతోని కొన్నాళ్లు ఆపుదుము గదమ్మా అన్నడు.

ఇప్పుడు నేను ఎవరో ఆయనకు తెల్వది. అక్కా అంటడు. మొన్న మాత్రం నాకు ఆగలేదు, పక్కన కూసొని చెప్పుకున్న. 'నువ్వు' అంటె పరేషానైతడని, 'మా ఆయన' అనే చెప్పిన. మా ఆయన గళ్లల్ల తప్పులు రాస్తుంటె నేనే దొంగతనంగ దిద్దిన, దిద్ది దిద్ది ఆయన రోగం దాచిపెట్టిన అని చెప్పి ఏడ్చిన.

ఆయన అంతా విన్నడు. నా చెయ్యి మీద చెయ్యేసి, మెల్లగ అన్నడు:

"ఆయనకు చెప్పకక్కా. బాధపడతడు."