నోటుబుక్కులో దొరికిన అంకెలు

ఈ సంగతి రాసిపెట్టకపోతే ఎవరికీ తెలియకుండా పోతుంది. ఇందులో నాకు సాయం చేసినవాళ్లు తమంతట తాము చెప్పుకునే రకం కాదు. ఎవరినడిగినా "గదేం పెద్ద పని?" అని కొట్టిపారేస్తారు. పైగా తప్పు నాది. ప్రతి ఊళ్లోనూ బస్టాండు దగ్గర మా దుకాణంలాంటిది ఒకటి ఉంటుంది. అందులో కూర్చున్న ఎవరో ఒకరు రేపో మాపో ఇదే తప్పు చేస్తారు. వాళ్లకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

జనగామలో నాకు చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. పదో తరగతితో నా బడి ఆగిపోయింది. కంప్యూటర్ ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే గ్రంథాలయంలో అని కొంచెం గర్వంగానే చెబుతాను. అక్కడ లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ గురించి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటుంది. అది ఇంటికివ్వని బీరువాలోది. మధ్యాహ్నాలు దుకాణం షట్టరు దించి, నిఘంటువు పక్కన పెట్టుకుని, అర్థమైనంత మేరకు నోటుబుక్కులోకి ఎక్కించుకునేదాన్ని. జిరాక్స్ మిషను పెట్టుకుని చేత్తో రాసుకోవడమేమిటని గ్రంథాలయం సార్ నవ్వేవారు.

"మిషన్ల పెడితే కాగితానికి ఎక్కుతది సార్, నాకు ఎక్కది" అనేదాన్ని.

చెల్లె నాకు ఆ హాల్లోనే పరిచయం. సొంత చెల్లెలు కాదు. భూపాలపల్లి అమ్మాయి, జనగామలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. పుట్టుకతోనే చూపు లేదు. ఒకరోజు సార్ దగ్గరికి వచ్చి, టీచర్ పరీక్షకు చదవాలనుకుంటున్నాను, పుస్తకాలు ఎవరైనా పైకి చదివి పెడతారా అని అడిగింది. హాల్లో పైకి చదవకూడదు కనుక సార్ వెనక వరండా చూపించారు. రోజూ పేపరు చదవడానికి వచ్చే నలుగురైదుగురం వంతులు వేసుకున్నాం. ఫోన్లో రికార్డు చేస్తూ గంటకొకరు చదివేవాళ్లం.

అందరికంటే ఎక్కువ చదివింది మేమంతా బాపు అని పిలిచే పెద్దాయన. సర్వే ఆఫీసులో గొలుసు పట్టి పొలాలు కొలిచి రిటైరైన మనిషి. చరిత్ర పాఠాలన్నీ ఆయనవే. ప్రతి పాఠానికి ముందు రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాడు. ఆ దగ్గు తీసేస్తానంటే చెల్లె ఒప్పుకోలేదు. "ఉండనియ్ అక్కా. బాపు దగ్గితే పాఠం షురువైందని నాకు తెలుస్తది" అంది.

డిగ్రీ అయ్యాక చెల్లె ఊరికి వెళ్లిపోయింది. చదవడం మాత్రం మేం ఆపలేదు. నా ఫోన్లో చోటు తక్కువ కనుక, నిండినప్పుడల్లా రికార్డులు అరచేతిలో పట్టే హార్డ్ డిస్కులోకి ఎక్కించి ఫోన్లోంచి తీసేసేదాన్ని. డిస్కును గుడ్డలో చుట్టి బస్సులో పంపితే చెల్లె వాళ్లన్న భూపాలపల్లి బస్టాండులో దింపుకునేవాడు. కొన్నాళ్లకు కొత్త పాఠాల కోసం అదే దారిన తిరిగొచ్చేది. డిస్కును రెండు భాగాలు చేయమని చెల్లెనే అడిగింది. ఒకటి పరీక్షకు, ఒకటి ప్రాణానికి అంది. ప్రాణానికి అంటే కథలూ నవలలూ.

ఆ భాగాలు చేసింది నేనే, దుకాణంలో ఉన్న పాత లినక్స్ కంప్యూటర్ మీద. దానికి వాడే పనిముట్టు పేరు ఎఫ్‌డిస్క్. అందులో బొమ్మలుండవు, నొక్కడానికి గుండీలుండవు. నల్లటి తెర మీద ఒక్కో అక్షరం కొట్టాలి. ‘పి’ కొడితే డిస్కు మొదట్లో ఉండే చిన్న పట్టిక చూపిస్తుంది. ఏ భాగం ఏ అంకె దగ్గర మొదలై ఏ అంకె దగ్గర ముగుస్తుందో అందులో ఉంటుంది. ‘ఎన్’ కొడితే కొత్త భాగం. ‘డబ్ల్యూ’ కొట్టేదాకా ఏం చేసినా డిస్కు మీదికి ఎక్కదు. పని అయ్యాక పట్టికను కాగితం మీద రాసి పెట్టుకోమని పుస్తకంలో ఉంది. ఆ పుస్తకంలో ఉన్నది చేయడమే నాకు అలవాటు. రాసి పెట్టుకున్నాను.

పరీక్ష ఇంకా నెల పైచిలుకు ఉందనగా డిస్కు తిరిగొచ్చింది. పాఠాలు తెరుచుకోవడం లేదని, పాడుతున్నదల్లా మధ్యలో కరెంటు పోయి ఆగిందని చెల్లె చెప్పింది. ఆ ఉదయం దుకాణంలో ఆధార్ కాగితాల జనం. వాళ్లకు కాపీలు తీస్తూనే డిస్కును విండోస్ కంప్యూటర్‌కు తగిలించాను. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది.

మా దుకాణాల అలవాటు ఇక్కడ చెప్పాలి. రోజుకు ఎన్నో పెన్‌డ్రైవులు వస్తాయి, సగం వైరస్‌తోనే వస్తాయి. కంప్యూటర్ ఏదడిగినా అవును అంటాం. చదివి అవును అనే తీరిక ఉండదు. ఆ రోజూ అలాగే అవునన్నాను. ఇంకో ప్రశ్న వచ్చింది. దానికీ అవునన్నాను. కాపీలు పిన్ను కొట్టి ఇచ్చి వెనక్కి తిరిగేసరికి తెర మీద డిస్కు మొత్తం ఖాళీ అని ఉంది. పాత పట్టిక పోయి, ఏమీ లేని కొత్త పట్టిక వచ్చి కూర్చుంది.

మూడేళ్ల గొంతులు అందులో ఉన్నాయి. ఇంకో కాపీ ఎక్కడా లేదు. చేద్దాం చేద్దాం అనుకుంటూనే చేయలేదు. దాచకుండా చెల్లెకు ఫోన్ చేసి చెప్పాను.

"పరేషాన్ గాకు అక్కా" అంది. "పోతే పోయింది. విన్నకాడికి యాదున్నది." గొంతు మాత్రం పోతే పోయిందన్నట్టు లేదు.

వెంటనే షట్టరు దించి గ్రంథాలయానికి నడిచాను. లావు పుస్తకం తీసి ఆ అధ్యాయం మళ్లీ చదివాను. పట్టిక పోయినంత మాత్రాన లోపలి సరుకు పోదని, దాని మీద కొత్తగా ఏదీ రాయనంతవరకూ అక్కడే ఉంటుందని, సరిగ్గా పాత అంకెలతోనే పట్టిక మళ్లీ రాస్తే దొరికే వీలుందని ఉంది. మొదటి భాగం మొదలయ్యే అంకె నాకు నోటికి వచ్చు. అది ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో నోటుబుక్కులోనే ఉంది. నోటుబుక్కేమో బాపు దగ్గర ఉంది. కూతురి దగ్గర ఉండడానికి మహబూబాబాద్ వెళ్తూ, "డిస్కులల్ల గూడ హద్దులు పెడ్తరా? జర సదువుకుంట ఇయ్యి" అని తీసుకెళ్లాడు.

బాపుకు ఫోన్ చేశాను. ఆయనది బటన్ ఫోన్, ఫొటో తీసి పంపే వీలు లేదు.

"కంటికి ఆపరేషన్ అయింది బిడ్డా. గది ఆరో ఎనిమిదో నాకు కానొస్తలేదు. బిడ్డ డ్యూటీకి పోయింది, రేపటిదాంక రాదు. అందాజగా చెప్పి నిన్ను ముంచనా? నువ్వే రా."

మర్నాడు పొద్దున్న రైలెక్కాను. బాపు స్టేషన్ బయటే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, సంచిలో నోటుబుక్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సంగతి మొత్తం విని నవ్వాడు.

"మా సర్వీసుల ఒగడు హద్దురాళ్లు పీకి ఇంటికి మెట్లు కట్టుకున్నడు. ఇంగ పక్కపొలమంత నాదే అన్నడు. మేం పోయి పాత కొలతలు దీసి మళ్ల గొలుసు వట్టినం. రాళ్లు మళ్ల పాతినం. పొలం గాడనే ఉన్నది, ఏడికి వోయింది?"

"అంకె తప్పితే?"

"తప్పితే గెట్టు కాడ కొట్లాటే. గందుకే ఒకలు సదవాలె, ఇంకొకలు తిరిగి చెప్పాలె. మేం గట్లనే చేస్తుంటిమి."

ఆయన కూతురింట్లో అన్నం తిని, మధ్యాహ్నం బండికి తిరిగొచ్చాను. రైల్లో ఆ పేజీ ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో. అంకెలన్నీ నీలం సిరాతో, కింద గీత కొట్టి, పుస్తకంలో చెప్పినట్టే ఉన్నాయి.

మరుసటి ఉదయం జనానికి దుకాణం తెరవలేదు; డిస్కును లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి ఎఫ్‌డిస్క్ తెరిచాను. చెల్లెకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. ఒక్కో అంకె చదివాను, తను తిరిగి చెప్పింది, అప్పుడు కొట్టాను. ‘ఎన్’ కొట్టి మొదటి భాగం మొదలూ చివరా ఇచ్చాను. అప్పుడు ఎర్రటి అక్షరాలతో ఒక ప్రశ్న వచ్చింది. ఈ భాగంలో పాత గుర్తు ఒకటి కనిపిస్తోంది, తీసేయమంటావా అని. నా నోటుబుక్కులో ఇది లేదు. పుస్తకం పాతది, పనిముట్టు కొత్తది. వేలు దానంతటదే అవును అనే ‘వై’ మీదికి వెళ్లి ఆగింది.

"ఏందక్కా, ఆగినవ్?"

ప్రశ్న తెలుగులో చదివి వినిపించాను.

"మొన్న గూడ గిట్ల అడిగితెనే గదా అవునన్నవు" అంది చెల్లె. "అడిగినోళ్లందరికి అవునంటవా? ఈపారి వద్దను."

నిజమే, పాత గుర్తు కనిపించిందంటే లోపల పాత సరుకు ఉన్నట్టే. ఈ ప్రశ్న దగ్గర ‘ఎన్’ అంటే కాదని; అది కొట్టి, వద్దన్నాను. రెండో భాగానికీ అదే ప్రశ్న, అదే జవాబు. ‘పి’ కొట్టి పట్టిక చూసి, నోటుబుక్కులోని పేజీతో పక్కపక్కన పెట్టి, చెల్లెతో ఇంకోసారి చెప్పించుకున్నాను. ఇక మిగిలింది ‘డబ్ల్యూ’. కొట్టాను.

కరెంటు పోయినప్పుడు పడ్డ మెలికను సరిచేసే ఆదేశం కూడా ఇచ్చాక, ఒక్క నిమిషంలో తెర మీద రెండు భాగాలు కనిపించాయి. పరీక్ష భాగం తెరిచాను. ఫైళ్ల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. పేర్లుంటే చాలదు కనుక, చరిత్ర పాఠం ఒకటి పెట్టి ఫోను స్పీకరు దగ్గర ఉంచాను.

రెండు దగ్గులు వినిపించాయి.

"బాపు!" అని అరిచింది చెల్లె. తర్వాత ఇద్దరం చాలాసేపు పాఠం విన్నాం. ఏం పాఠమో నాకు గుర్తు లేదు.

ఆ రోజే ఇంకో డిస్కు మీదికి అన్నీ కాపీ చేశాను. పాతది బస్సులో వెళ్లింది, కొత్తది నా దగ్గరుంది. పట్టిక కాగితం ఒకటి చెల్లె వాళ్లింట్లో, ఒకటి గ్రంథాలయం బీరువాలో లావు పుస్తకం మధ్యలో. చెల్లె పరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. చరిత్ర ప్రశ్నలు మాత్రం బాపు గొంతుతో గుర్తొచ్చాయట.

పేర్లు రాస్తానంటే ఎవరూ ఒప్పుకోలేదు. కనుక నేను పిలిచే పిలుపులతోనే చెబుతున్నాను. ఇంటికివ్వని పుస్తకాన్ని ఎన్ని మధ్యాహ్నాలైనా విసుక్కోకుండా బీరువాలోంచి తీసిచ్చిన గ్రంథాలయం సార్‌కు, వరండాలో గొంతు పోయేలా చదివిన అన్నలకూ అక్కలకూ, గుడ్డమూటను సీటు కింద కాకుండా తమ పక్కన పెట్టుకుని తీసుకెళ్లిన కండక్టరన్నలకు, అది దింపుకోవడానికి ఎండలో నిలబడ్డ చెల్లె వాళ్లన్నకు, నాకు అన్నం పెట్టిన బాపు బిడ్డకు, అందాజగా ఒక్క అంకె కూడా చెప్పని బాపుకు, వద్దనమని చెప్పిన చెల్లెకు నా దండాలు.