దోమల బ్యాటు హీరో

కొన్నేళ్ళపాటు నేను రాజమండ్రి నుంచి తణుకు దాకా ప్యాసింజర్ రైల్లో ఉద్యోగానికి తిరిగాను. సీజన్ టిక్కెట్ల వాళ్ళం ఒకే పెట్టెలో గుంపుగా కూర్చునేవాళ్ళం. గుంపన్నాక మాట్లాడాలి. నా వంతుగా నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. ఎవరైనా "టిఫిన్ అయిందా అండీ" అని అడిగితే, ఏం తిన్నానో గుర్తు తెచ్చుకుని, సరైన జవాబు సిద్ధం చేసుకునేసరికి వాళ్ళు మధ్యాహ్నం కూర గురించి మాట్లాడుకుంటూ ఉండేవారు.

నాకు హాయిగా ఉండేది గోదావరి వంతెన మీదే. రైలు దాని మీదికి ఎక్కగానే ఆ చప్పుడుకి ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని మా గుంపులో ఓ ఆనవాయితీ ఉండేది. ఎంత వేడిగా ఉన్న వాదననైనా వంతెన దగ్గర ఆపేసి, నదికి దణ్ణం పెట్టుకుని, అవతల కొవ్వూరులో మళ్ళీ ఆగినచోటి నుంచే ఎత్తుకునేవారు. ఆ కాసేపూ పెట్టెలో అందరూ నాలాగే ఉండేవారు.

ఆ రోజుల్లో వాదనంతా ఓ టీవీ సీరియల్ మీద. అందులో హీరోకి నలుగురిలో మెలగడం చేతకాదు. భూసార పరీక్షల ఆఫీసులో పని. మట్టితో బాగానే ఉంటాడు, మనుషులొస్తేనే చిక్కు. హీరోయిన్ బామ్మగారు ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్ళి, మంచం పక్కన ఒక్క మాటైనా లేకుండా చాలాసేపు నిలబడి, చివరికి ఓ దోమల బ్యాటు చేతిలో పెట్టి వచ్చేశాడు. పోటీకి డాక్టరు బావ ఉన్నాడు. అతను నోరు తెరిస్తే నర్సులు కూడా పని ఆపి వింటారు.

"పిల్లాడు ముద్దుగానే ఉంటాడండీ," అనేవారు తణుకు కోర్టులో పనిచేసే పిన్నిగారు. ఆవిడ మాలో ఎవరికీ పిన్ని కాదు, అందరికీ పిన్నిగారే. "కానీ ముద్దు వేరు, మొగుడు వేరు. రేపు ఇంటికి చుట్టాలొస్తే ఈయనగారు పెరట్లోకి పారిపోతాడు. పలకరించేదెవరు?"

నిడదవోలు స్కూల్లో లెక్కలు చెప్పే టీచరుగారు ఒప్పుకునేవారు కాదు. "ఆస్పత్రిలో దోమలు కుట్టి చంపుతున్నాయని ఆ అమ్మాయి ఫోన్లో అందా లేదా? విన్నది అతనొక్కడే. మిగతావాళ్ళంతా స్వీట్లు మోసుకొచ్చారు, షుగరున్న పెద్దావిడకి!"

"మరి ఆ ముక్కేదో నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"బ్యాటు ఇచ్చాక ఇంకా చెప్పేదేముందండీ?"

టీచరుగారి ఎదుటి సీటు కోసం నేను రోజూ ప్లాట్‌ఫారం మీదికి అందరికంటే ముందు వచ్చేవాణ్ణి. అలాంటివాణ్ణి ఆవిడ పక్షాన ఉండాలి. కానీ హీరోని సమర్థిస్తే గుంపంతా అతణ్ణీ నన్నూ పక్కపక్కన పెట్టి చూస్తుందని భయం. అందుకని ఎప్పుడైనా నోరు విప్పితే, "అబ్బే, అలాంటివాడితో కష్టమండీ" అనేవాణ్ణి. నా గురించి అంత నిజాయితీగా నేనెక్కడా మాట్లాడలేదు.

"మీకు అతని మీద ఎందుకండీ అంత పగ?" అని టీచరుగారు ఓసారి అడిగారు. నా జవాబు తయారయ్యేలోపు నిడదవోలు వచ్చి, ఆవిడ దిగిపోయారు.

ఒకరోజు గోదావరి స్టేషన్లో రైలు కదులుతుండగా పిన్నిగారు ప్రకటించారు. "మన టీచరుగారికి సంబంధం వచ్చిందర్రా! ఆదివారం పెళ్ళిచూపులు. కుర్రాడు మంచి మాటకారిట. ఫోన్లో ఈవిడ నాన్నగారితో గంటసేపు మాట్లాడాడట."

"ఏం మాట్లాడాడండీ?" అన్నాను. గొంతు నాదేనని కాస్త ఆలస్యంగా తెలిసింది.

"ఏమో, మా నాన్నగారికీ గుర్తులేదు," అన్నారు టీచరుగారు. తర్వాత నా వైపు తిరిగారు. "మీరే చెప్పండి. ఆ దోమల బ్యాటు అబ్బాయి పనికిరాడని మొదట్నించీ అంటున్నారుగా. అయితే ఈ మాటకారికి నన్ను సరే అనమంటారా?"

రైలు వంతెన ఎక్కింది. నాకు ధైర్యం వచ్చింది. చెప్పాల్సిందంతా చెప్పేశాను, గట్టిగా, చేతులు తిప్పుతూ, మధ్యలో ఒక ఉపమానం కూడా వేసి. జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్క ముక్కా ఎవరికీ వినపడలేదు. టీచరుగారు తన చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపారు.

వంతెన అయిపోయింది. ఆనవాయితీ ప్రకారం ఆగినచోటి నుంచి ఎత్తుకోవాలి. ఆగింది నా దగ్గర. సమోసాలమ్మే ఆయన కూడా బుట్ట దించి నిలబడ్డాడు.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి," అన్నారు టీచరుగారు.

అంత ప్రసంగంలోనూ నా దగ్గర మిగిలింది ఇంతే. "అతను మంచివాడేనండి. ఆ అమ్మాయి అతన్నే చేసుకుంటే బావుంటుంది."

"మరి డాక్టరు బావ?" అన్నారు పిన్నిగారు.

"ఆయనకి ఎక్కడైనా దొరుకుతారండి."

పిన్నిగారు నన్ను చూశారు. టీచరుగారిని చూశారు. మళ్ళీ నన్ను చూసి, "ఓరి నాయనో!" అని తింటున్న ఇడ్లీ డబ్బాకి మూత పెట్టేశారు.

నిడదవోలు వచ్చింది. దిగేముందు టీచరుగారు, "వాళ్ళు ఆదివారం వస్తున్నారు. మీరు శనివారం రండి. మా నాన్నగారు ఇంట్లోనే ఉంటారు," అన్నారు.

స్వీట్లు పట్టుకెళ్ళమని పిన్నిగారి సలహా. కానీ తమ వీధిలో సాయంత్రమైతే కరెంటు పోతోందనీ, పరీక్ష పేపర్లు దిద్దడం కుదరడం లేదనీ టీచరుగారు వానాకాలంలో ఓసారి అన్నారు. ఛార్జింగ్ లైటు కొన్నాను. శనివారం వెళ్ళి వాళ్ళ నాన్నగారి చేతిలో పెట్టి కూర్చున్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏంటి బాబూ ఇది?"

"లైటండి."

"అది తెలుస్తోందిలే."

లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది, ఆపుకోబోయి ఓడిపోయిన నవ్వు. తర్వాత టీచరుగారు కాఫీతో వచ్చారు. "నాన్నగారూ, రేపు వాళ్ళని రావద్దని చెప్పెయ్యండి."

"ఏమని చెప్పనే?"

"ఏదో ఒకటి చెప్పండి. అతను మాటకారి కదా, సర్దుకుంటాడు."

సీరియల్లో ఆ అమ్మాయి డాక్టరు బావనే చేసుకుంది. ఆ కథ రాసినాయన్ని మా ఆవిడ ఇప్పటికీ క్షమించలేదు. మట్టి పరీక్షల అబ్బాయి ఏమయ్యాడో మళ్ళీ చూపించలేదు. ఎక్కడో పెరట్లోనే ఉండి ఉంటాడు. మా ఇంటికి చుట్టాలొస్తే నేనూ అక్కడే ఉంటాను. పలకరింపుల సంగతి మా ఆవిడ చూసుకుంటుంది.