పిన్ని కత్తిరించిన వీధి

పొద్దున్నే పొయ్యి వెలిగించక ముందే మా పిన్ని కత్తెరకు పదును పెట్టుకునేది. గరుకు కాగితం ముక్కను పదిసార్లు కత్తిరించి, అంచును వేలితో తడిమి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేది. ముప్పై ఏళ్ళుగా టైలరు షాపులో బట్టలకు కాగితం కొలతలు కత్తిరించడం ఆమె పని. తీరిక దొరికితే నల్ల కాగితంలో బొమ్మలు కోసేది. గీత గీయదు, అతుకు వేయదు. ఆసుపత్రి వరుసలో కూలబడ్డ ముసలామె, ఓట్లప్పుడు వంగి వంగి మొక్కే నాయకుడు, అతని వెనక నీళ్ళు రాని కుళాయి, అన్నీ ఆ కత్తెర కిందే పుట్టాయి. మిగిలిన కాగితం చుట్టల్ని షాపు యజమాని ఆమె కోసమే దాచి ఉంచేవాడు. ఆ మంచి చెప్పకపోతే నాకు పాపం.

నిరుడు పిన్ని మరిది మురుగు గుంటలోకి దిగి పైకి రాలేదు. దిగమన్న ఆఫీసు వాళ్ళే, ఆ రోజు ఎవరినీ దించలేదని రాసి సంతకాలు పెట్టారు. బతికుండగా చేతులకు తొడుగులైనా ఇవ్వనివాళ్ళు, చచ్చాక అసలు మనిషే లేడన్నారు.

పిన్ని తలుపంత కాగితంలో ఆ గుంట ఉన్న వీధిని కోసింది. అంగళ్ళు, సైకిళ్ళు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్న అధికారులు, అందరూ నల్లగా ఉన్నారు. గుంట పక్కన మాత్రం నిలువెత్తు మనిషి ఆకారంలో ఖాళీ. ఉన్నవాణ్ణి లేడన్నారు గనక లేనట్టే కోశానంది.

దాన్ని ఊళ్ళో పెట్టిన బొమ్మల ప్రదర్శనలో హాలు మధ్యన తీగలకు వేలాడదీశారు. ప్రారంభం రోజు మేం వెళ్ళేసరికి ఆ ఖాళీ లేదు. వెనక నల్ల కాగితం అతికించి ఉంది.

"అక్కడ చిరిగిందమ్మా. పెద్దలొచ్చే వేళ బాగుండదని అతికించాం," అన్నాడు ఏర్పాట్లు చూసే అధికారి. ఆయనదీ ఆ సంతకాల ఆఫీసే.

"మనిషి ఆకారంలో చిరిగిందా సార్?" అడిగింది పిన్ని.

ఆయన గొంతు తగ్గించి, ఇప్పుడు వీధి వీధిలా అందంగా ఉందిగదా అని సర్దిచెప్పబోయాడు.

"మీరు సంతకాలు పెట్టిన కాగితం కూడా ఇంతే అందంగా ఉంది," అంది పిన్ని.

అతికించినవాడు హాలు అటెండరు. పైవాళ్ళ మాట కాదనలేకపోయాడు పాపం. నాలుగు చుక్కలే జిగురు పెట్టానని, లాగితే ఊడొస్తుందని పిన్ని పక్కకొచ్చి మెల్లగా చెప్పి, అటు తిరిగి కుర్చీలు సర్దసాగాడు. పిన్ని అందరి ముందూ దాన్ని పీకేసింది. బొమ్మ ఎక్కడా చిరగలేదు.

అధికారి కోప్పడలేదు. నవ్వాడు. ఆ నవ్వే నా ఒళ్ళు మండించింది. "పోనీండి, అలాగే ఉంచండి. ఎవరూ లేని చోటును చూసి ఎవరిదని ఎవరడుగుతారమ్మా?" అని గుమ్మం వైపు వెళ్ళాడు. బయట పెద్దల కార్లు ఆగుతున్నాయి.

తోడికోడలు, చనిపోయినతని భార్య, గోడ వారగా నిలబడి ఉంది. పిన్ని ఆమె దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"చెల్లీ, నాకో సాయం చెయ్యి. వాళ్ళొచ్చి వెళ్ళేదాకా ఆ కాగితం వెనక, మరిది చోట్లో నిలబడు."